లియాండర్ మేస్త్రి నడిపిన సున్నపు అంచు

భార్య వెర్నెల్‌ను మట్టి చేసి వచ్చి ఇరవై రోజులైనా లియాండర్ మ్యాప్‌కు ఏడుపు రాలేదు. చర్చి సంఘంలోని ఆడవాళ్ళు వంతులు వేసుకుని వేయించిన చేపలు, ఉడికించిన ఆకుకూర తెచ్చి పెడుతున్నారు. తింటున్నాడు. ఏం తిన్నావంటే చెప్పలేడు.

శుక్రవారం పొద్దున్నే చర్చి పెద్ద, డీకన్ థాడియస్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బ్రదర్, మధ్యాహ్నంలోగా నువ్వు పని మొదలుపెట్టకపోతే గెయిన్స్ థియేటర్‌లో థర్మోకోల్ పట్టీలు అంటించేస్తారట. హాలు మళ్ళీ తెరవాలని బాగుచేయిస్తున్న కమిటీలో ఆ ఐవరీ పిల్ల ఒక్కతే ఎంతసేపని ఆపుతుంది?"

"అంటించుకోనీ."

"మీ నాయన చేతిపని పక్కన బొమ్మల కొట్టు సరుకా? సరేలే. ముందా బొత్తాలు సరిగ్గా పెట్టుకో, వెళ్దాం."

లియాండర్ వెళ్ళాడు. వద్దనడానికి కూడా ఓపిక లేక వెళ్ళాడు.

లియాండర్ తండ్రి రోజుల్లో జార్జియాలోని మా పట్నంలో తెల్లవాళ్ళ హాళ్ళకు వెళితే నల్లవాళ్ళైన మావాళ్ళకు పక్కసందు మెట్లే దారి. అందుకే మంగళ్ళు, వైద్యులు, పాస్టర్లు కలిసి తొమ్మిదో వీధిలో గెయిన్స్ కట్టారు. అక్కడ అందరూ ముందు తలుపు నుంచే లోపలికి నడిచేవారు. కప్పు కింద గోడల చుట్టూ అచ్చుతో లాగి తీర్చే అలంకారపు సున్నపు అంచు నడిపింది లియాండర్ తండ్రి. హాలు మూతబడ్డ ముప్పై ఏళ్ళలో వాన కారి ఎడమవైపు ఇరవై అడుగులు రాలిపోయింది. ఆ పని తెలిసిన చెయ్యి ఇప్పుడు లియాండర్‌దొక్కటే.

పరంజా ఎక్కి సున్నం, ప్లాస్టర్ కలిపాడు. కలిపి, బకెట్లోకి చూస్తూ అలాగే ఉండిపోయాడు. తాపీ ముంచబోయేసరికి అంతా రాయి.

కింద థర్మోకోల్ పెట్టెలు అప్పుడే విప్పుతున్నారు. ఐవరీ గడియారం చూసుకుంది. థాడియస్ సుత్తితో ఆ గడ్డ పగలగొట్టి, తన చొక్కా తడుస్తున్నా బకెట్ శుభ్రంగా కడిగాడు.

"నా పెళ్ళిలో పాస్టర్ గారు ప్రమాణం అడిగితే నేనూ ఇలాగే బిగుసుకుపోయాను బ్రదర్. మా ఆవిడ మోచేత్తో పొడిచింది."

లియాండర్ నవ్వలేదు. "నీళ్ళు ఇంకాస్త చల్లనివి తే. నిదానంగా గట్టిపడుతుంది" అన్నాడు.

రెండో బకెట్‌కు మనసుతో పని లేకుండా చేతులే కదిలాయి. అంచు ఆకారంలో కోసిన అచ్చు రేకును గోడకు కొట్టిన చెక్క బద్ద మీద ఆనించి, తడి సున్నం మీదుగా లాగాడు. మళ్ళీ సున్నం వేసి మళ్ళీ లాగాడు. ఒక్కో లాగుడుకు అంచు పదునుతేలింది. మధ్యాహ్నానికి నాలుగడుగులు సాగి తండ్రి పనిని కలిసింది. అతుకు మీద వేలు పోనిచ్చాడు. ఎక్కడా ఎగుడుదిగుడు తగల్లేదు.

"ఆ పెట్టెలు తిరిగి పట్టుకుపొండి" అని కింద ఐవరీ గట్టిగా చెప్పింది. కళ్ళు తుడుచుకుంటూ, "అంకుల్, ఎలా ఉంది మీకు?" అని అడిగింది.

"ఏమీ అనిపించట్లేదమ్మా" అన్నాడు లియాండర్ ఉన్నమాట.

"ప్రభువు తొందరపెట్టడులే" అంటూ థాడియస్ చెయ్యి అందించాడు.

ఆ చెయ్యి పట్టుకుని దిగి, మిగతా పదహారు అడుగులు నడపడానికి సోమవారం హాలు తలుపులు ఎన్నింటికి తీస్తారని లియాండర్ అడిగాడు.