ఒక్క చెవితో చెప్పిన పాఠం

టైఫాయిడ్ తగ్గింది గానీ నా కుడిచెవి వినికిడి తిరిగి రాలేదు. ఎనభైల మొదట్లో మాట ఇది. బాన్సువాడలో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఒక చెవి పోతే సగమే వినబడుతుందనుకుంటారు చాలామంది. నాకు వినబడేది, ఎటునుంచో తెలిసేది కాదు. క్లాసులో ఎవరైనా ప్రశ్న అడిగితే అందరి ముఖాలూ వెతికేదాన్ని. పిల్లలు ఎన్నడూ నవ్వలేదు. నాకే తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు బడి విడిచాక బీర్కూర్ రోడ్డు మీద నడుస్తుంటే చెరకు లారీ హారన్ వినబడింది. ఎడమవైపు నుంచి అనుకుని కుడివైపుకి జరిగాను. లారీ కుడివైపే వస్తోంది. పక్కనున్న లెక్కల టీచరు చెయ్యి పట్టి లాగింది కాబట్టి బతికాను. ఆమె దగ్గరి తండాలో పుట్టి పెరిగిన మనిషి, నాకంటే పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. ఇల్లు చేరాక, ఇక ఉద్యోగం మానేస్తానని ఆమెతో అన్నాను. అక్క చాయ్ పెట్టి ఇచ్చి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం నిజామాబాద్ పోయి ఒక సైన్సు పత్రిక తెచ్చింది. శనిగ్రహం దాకా వెళ్లిన నౌకకు దారి ఎలా చూపిస్తారో అందులో రాశారు. అంత దూరాన ఉన్న నౌక ఆకాశంలో సరిగ్గా ఏ దిశన ఉందో ఒక్క రేడియో టెలిస్కోపుతో తేల్చడం కష్టమట. అందుకని వేరువేరు ఖండాల్లో ఉన్న రెండింటితో ఒకేసారి వింటారు. నౌక పంపిన సంకేతం ఒకదానికి ముందు చేరుతుంది, ఇంకోదానికి రవ్వంత ఆలస్యంగా. ఆ తేడాను బట్టి దిశ లెక్కగడతారు.

రెండుచోట్ల గడియారాలు ఒక్కతీరుగా నడవకపోతే ఎలా అని అక్కకు అనుమానం వచ్చింది. పేజీ తిప్పితే జవాబు దొరికింది. స్థానం ముందే తెలిసిన క్వేజార్ అనే బహుదూరపు జ్యోతి పంపే రేడియో తరంగాలను కూడా రెండింటితోనూ వింటారు. గడియారాల తప్పు ఆ కొలతలోనూ పడుతుంది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే తప్పు పోతుంది.

అక్క పత్రిక మూసి నా ఒళ్లో పెట్టింది.

"గిది పిల్లలకు చెప్పు. నీ అంత మంచిగ ఎవ్వలు చెప్తరు? చెప్పినంక ఉంటవో పోతవో నీ ఇష్టం."

మర్నాడు తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి కళ్లకు గంతలు కట్టి, ఒక చెవిలో దూది పెట్టించాను. మిగతావాళ్లు తలా ఓ మూల నుంచి చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి ఎటో చెయ్యి చూపింది. దూది తీశాక సరిగ్గా చూపింది. అప్పుడు బోర్డు మీద భూమినీ, రెండు టెలిస్కోపులనూ, దూరంగా నౌకనూ గీసి చెప్పాను.

గంతలు విప్పుకున్న అమ్మాయి లేచి నెమ్మదిగా అడిగింది.

"టీచర్, మీకు రోజూ గిట్లనే ఉంటదా?"

ఔనన్నాను. బడిలో ఆ మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి.

తర్వాత నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాళ్లలో వాళ్లు ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఆ వారం నుంచి ప్రశ్న అడగాలనుకున్న పిల్ల ముందు చెయ్యెత్తి, నేను చూసేదాకా ఆగి, అప్పుడు నోరు విప్పేది. కింది తరగతులు కూడా ఆ అలవాటు నేర్చుకున్నాయి. అక్క కోటగిరికి బదిలీ అయి వెళ్లాక కూడా నేను అదే బడిలో పాఠాలు చెప్పాను, ఇష్టంగా.