దానియేలు బావ బదిలీ

శుక్రవారం మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి ఆమదాలవలసలో హౌరా మెయిలెక్కాను. చేతిలో సంచీ, ఒళ్ళో రెండు కిలోల మాడుగుల హల్వా. హల్వా ఎందుకంటే దానియేలు బావ రాసిన ఉత్తరం వల్ల. ఆయన మా మార్తక్క భర్త. కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఒక జూట్ మిల్లులో పదిహేడేళ్ళుగా పని. ఇన్నేళ్ళూ ప్రతి ఉత్తరంలోనూ "నేనింకా బదిలీలోనే ఉన్నాను" అని రాసేవాడు. మా అమ్మ నవ్వేది. "ఇదేటి బదిలీరా? ఏళ్ళకేళ్ళు బదిలీయే గాని ఊరు మారదు, ఇల్లు మారదు!" అనేది.

ఈసారి ఉత్తరంలో మూడే ముక్కలు. "బదిలీ తీసేశారు. ఆదివారం కప్పు మ్యాచ్. నువ్వొకసారి రా." హమ్మయ్య, బదిలీ రద్దయింది, ఇక అల్లుడు ఒకచోట నిలబడతాడని అమ్మ ప్రార్థన చేసుకుంది. నేను హల్వా కొన్నాను. హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని, నలుగురికి చెప్పేవాణ్ణి, నాకైనా బుద్ధుండొద్దూ!

బరంపురంలో టీ తాగుతుంటే ఎదుటి సీటు పెద్దాయన మాట కలిపాడు. లిలువా రైల్వే వర్కుషాపులో చేసి రిటైరయ్యాడట. పొట్లం చూసి ఏటి విశేషమన్నాడు. చెప్పాను.

"జూట్ మిల్లులో బదిలీయా?" ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "బాబూ, కలకత్తాలో బదిలీ అంటే ఊరు మారడం కాదండి. పర్మినెంటోడు రాని రోజున ఆడి బదులు చేసీవోణ్ణి బదిలీ అంటారు. రోజూ గేటుకాడ నిలబడాల. పిలిస్తే పని, నేకపోతే ఇంటికి."

"మరి బదిలీ తీసేశారంటే?"

"తీసీడమే బాబూ. ఇంకేటుంటాది?"

పొట్లం తాడు మళ్ళీ గట్టిగా బిగించి సంచీలో అడుక్కి తోసేశాను.

శనివారం ఉదయం ఆరూ పదికి హౌరాలో దిగాను, నలభై నిమిషాలు ఆలస్యం. వెళ్ళేవాళ్ళకి ఒక మాట: స్టేషను బయట టాక్సీవాళ్ళ జోలికి పోకండి. తిన్నగా బస్సుల దగ్గరికి నడిస్తే గార్డెన్ రీచ్ బస్సు దొరుకుతుంది. గంటంబావు పట్టింది. దారి పొడుగునా గోడల మీద ఎర్ర రంగు ఎన్నికల రాతలు, మూతపడ్డ కార్ఖానాల గేట్లు. కొన్ని గేట్లలోంచి రావి మొక్కలు మొలిచాయి.

మిల్లు కూలీల లైను ఇళ్ళలో అక్క వాళ్ళది ఒకే గది. అక్క నన్ను చూసి ముందు నవ్వింది, ఆ తర్వాత ఏడ్చింది. బావ గుమ్మంలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. నలభై మూడేళ్ళ మనిషి అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు.

"అమ్మ సంతోషపడింది బావా, బదిలీ తీసేశారని," అన్నాను. ఏం మాట్లాడాలో తెలియక అదే అనేశాను.

బావ నూనె రాయడం ఆపాడు. "ఓరి ప్రకాశం! ఇన్నాళ్ళూ మీరు అలగ చదివినారేట్రా?" అని తల పట్టుకున్నాడు.

అప్పుడు విషయమంతా చెప్పాడు. మిల్లులో ఒకప్పుడు కొత్త మిషన్లు బిగించడానికి జపానువాళ్ళు వచ్చారు. సాయంత్రాలు ఖాళీ స్థలంలో బేస్‌బాల్ ఆడి, పోతూ పోతూ బ్యాట్లూ గ్లవ్‌లూ ఇచ్చిపోయారు. మిల్లు జట్టు అలా పుట్టింది. ఆ ఆటలో బంతి విసిరేవాడికి సాధారణంగా బ్యాటింగు రాదు. అవసరమైన ఘడియలో అతణ్ణి ఆపి, ఇంకొకణ్ణి ఒక్క దెబ్బ కొట్టడానికి పంపుతారు. కొట్టినా కొట్టకపోయినా వాడి పని అంతటితో సరి. గేటు దగ్గర బదిలీ, మైదానంలోనూ బదిలీ, రెండూ మా బావే. మోకాలు మిషన్లో పడి దెబ్బతిన్నా, ఒక్క దెబ్బకి మోకాలితో పెద్దగా పనిలేదు. పదకొండేళ్ళు ఆ ఒక్క దెబ్బ మీదే బతికాడు. ఆటగాళ్ళకి ముందో వెనకో పర్మినెంటు కార్డు ఇస్తామని మిల్లువాళ్ళ మాట. జట్టులో మిగతావాళ్ళందరికీ వచ్చింది. బావకి ఈ కప్పు తర్వాత ఇస్తామన్నారు.

"ఇప్పుడు రూలు మార్సీసినారు. బాల్ యిసిరీవోడి బదులు మొదట్నుంచీ ఒకడే కొడతాడట, మ్యాచ్ అంతా. ఆడెవడో కాలేజీలోంచి వచ్చినాడు. మరి నానెందుకు? తీసేసినారని రాసింది ఈ ఆట బదిలీయే, గేటుకాడ నిలబడ్డం ఎలాగూ తప్పదు. జట్టులో పేరు నేకపోతే కార్డూ నేదు." బావ నూనె సీసా మూత బిగించాడు. "నువ్వు డ్రిల్లు మాస్టరువి, రూల్సు సదివినోడివి. ఆఫీసు బాబుతో ఒక మాట సెప్పవా?"

అందుకన్నమాట నన్ను రమ్మంది. నేను రూలు పుస్తకం తేవలసినవాణ్ణి, హల్వా తెచ్చాను.

పన్నెండింటికి భవానీపూర్‌లో మిల్లు ఆఫీసుకి వెళ్ళాం. మెట్రో దిగి అయిదు నిమిషాల నడక. ఆటల వ్యవహారం చూసే బాబు మర్యాదగానే కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. కొత్త రూలు వచ్చినా అవసరమైనప్పుడు బదులు మనిషిని పంపడం తప్పు కాదు కదా అని నాకు తెలిసిన ఇంగ్లీషులో వాదించాను.

"రూలు ఒప్పుకుంటుంది మాస్టర్‌మోశాయ్," అన్నాడాయన ఓపిగ్గా. "కానీ పేర్లు పన్నెండే. బంతి విసిరేవాళ్ళే ముగ్గురు కావాలి. ఒక్క దెబ్బ కోసం ఒక మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టే రోజులు పోయాయి. దానియేల్‌దా మంచివాడు. రేపు తప్పకుండా మ్యాచ్‌కి రమ్మనండి."

కోపంతో నా చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఎవరి మీద కోపపడను? ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. బావకి తెలుగులో చెబుదామని తిరిగాను. బాబు మొహం చూసి ముందే అర్థం చేసుకుని, బావ చెప్పులు వేసుకుంటున్నాడు.

ఆదివారం బావ చర్చి మానేసి మైదానానికి వచ్చాడు. పదకొండింటికి ఆట మొదలైంది. పాత జెర్సీ వేసుకున్నాడు, పైన చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. మేం మైదానం చుట్టూ కట్టిన తాడుకి బయట గడ్డిలో కూర్చున్నాం. మధ్యాహ్నం రెండు దాటాక, ఆఖరి వంతులో, మిల్లు జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఇద్దరు అవుటు, ఇంకొకడు అవుటైతే ఆట సరి; ఇద్దరు పరుగు పూర్తిచెయ్యడానికి దారిలో నిలబడి ఉన్నారు. ఇన్నేళ్ళూ సరిగ్గా ఇలాంటప్పుడే బావని పంపేవారట. జనంలో ఎవరో పాత అలవాటుకొద్దీ అరిచారు. "బొద్లీ! బొద్లీ!" బదిలీనే వాళ్ళలా పలుకుతారు. ఇంకో పదిమంది అందుకున్నారు.

బావ లేచాడు. నేను చెయ్యి పట్టుకునేలోపే చొక్కా విప్పేసి, తాడు దాటి, బ్యాట్లున్న చోటికి వెళ్ళి తన పాత బ్యాటు తీసుకున్నాడు. అంపైరు కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. ఆటల బాబు పరుగెత్తుకొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "లిస్టే నామ్ నెయి, దానియేల్‌దా," అన్నాడు. లిస్టులో పేరు లేదు దానియేలన్నా, అని.

అరుపులు ఆగిపోయాయి. బావ బ్యాటుని తువ్వాలుతో తుడిచి, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి వచ్చాడు.

కాలేజీ ఆటగాడు మూడో బంతిని చెట్ల మీదుగా కొట్టాడు. జట్టు గెలిచింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది బావే.

"బాగా కొట్టినాడు," అన్నాడు. "నానైతే అంత దూరం కొట్టనేను రా." ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

సోమవారం పొద్దున్న అయిదున్నరకి బావతో గేటు దగ్గరికి వెళ్ళాను. వందమందికి పైగా నిలబడ్డారు. ఏడింటికి పన్నెండు పేర్లు పిలిచారు. బావ పేరు రాలేదు. "రేపు సూద్దాం," అన్నాడు, పదిహేడేళ్ళుగా అంటున్నట్టే.

మధ్యాహ్నం రెండున్నర బండికి హౌరాలో ఎక్కాను. అక్క చింతపండు వేసి పులస పులుసు పెట్టినట్టే ఇలిశ చేప పులుసు చేసి, అన్నం కట్టిచ్చింది. విప్పని హల్వా పొట్లం కూడా సంచీలో పెట్టింది. "అమ్మకి ఇచ్చీ తమ్ముడూ. మాకెందుకిప్పుడు?" అంది.

నా పక్కన ఒక బ్యాంకు గుమస్తా కూర్చున్నాడు. ఖుర్దాకి బదిలీ చేశారని బాలాసోరు దాకా బ్యాంకునీ మేనేజర్నీ తిడుతూనే ఉన్నాడు. చివరికి ఉండబట్టలేక అన్నాను: "మిమ్మల్ని బదిలీ చేశారంటే, మీకో ఉద్యోగం ఉందనే కదండీ!" ఆయన నన్నో పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, పేపరు తీసుకున్నాడు.

కలకత్తాలో చూడదగ్గవి చాలా ఉన్నాయంటారు. నేను చూసినవి ఒక గేటూ, ఒక తాడూ. రెండింటికీ బయటే నిలబడ్డాడు మా బావ.

మంగళవారం తెల్లారాక దిగి, ఏడింటి బస్సుకి ఇల్లు చేరాను. అమ్మ వీధిలో కళ్ళాపి చల్లుతోంది. సంచీలో పొట్లం చూసి చెంబు కింద పెట్టింది.

"హల్వా తిరిగొచ్చీసిందేట్రా? బదిలీ తీసీనేదా?"

"తీసేశారమ్మా."

"మరి? ఏ ఊరు ఏసినారు?"

దారంతా ఎలా చెప్పాలా అని ఎన్నో రకాలుగా అనుకున్నాను.

"ఏ ఊరూ వెయ్యలేదమ్మా," అన్నాను. "ఇంటికే."

"ఇంటికా! మనూరికా?" అమ్మ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "ఎప్పుడొస్తారు?"