నేను చెప్పిన సాక్ష్యం

మల్కాపురంలో మా చర్చికి వచ్చే పాతవాళ్లు నన్ను ఒకే ఒక్క సంగతితో గుర్తుపెట్టుకున్నారు. తన బిడ్డను దేవుడు రోడ్డు మీద ఎలా కాపాడాడో సాక్ష్యం చెప్పిన ఆవిడ అంటారు. ఆ రోజు చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఆ సాక్ష్యం అబద్ధం. బిడ్డకు ప్రమాదం జరిగింది, బతికి బయటపడింది, అంతవరకే నిజం. మిగతాది నేను కల్పించింది. అప్పటినుంచి దాన్ని మోస్తూనే ఉన్నాను. మోయగా మోయగా బరువు తెలియదంటారు. నాకు తెలుస్తూనే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరుతో మీకు పని లేదు. చివరిదాకా చదివితే చాలు. మధ్యలో ఎక్కడైనా నా తరఫున మాట్లాడాలనిపిస్తే మాత్రం వద్దు. ఆ పని నేను చాలా ఏళ్లు చేశాను.

అప్పటికి మా పెద్దది షారోన్‌కి ఏడేళ్లు. చిన్నవాడు సన్నీకి ఇంకా మూడు నిండలేదు. మా ఆయన ఓడలో ఇంజన్ రూములో పనిచేసేవారు. వెళ్లారంటే నెలల తరబడి కనపడరు. ఆ వేసవిలో వాళ్ల ఓడ మరమ్మతు కోసం చెన్నై రేవులో కొన్నాళ్లు ఆగింది. ఆయనకి సెలవు దొరకలేదు. మమ్మల్నే రమ్మన్నారు. రైళ్లలో ఎక్కడా చోటు లేదు. పోనీలే, వచ్చేసారి చూద్దాం అన్నారాయన. నేను ఊరుకోలేదు. ఇంట్లో కారు ఉంది, నాకు నడపడం వచ్చు, వచ్చేస్తాం అన్నాను.

మా వీధిలో అప్పట్లో కారు నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. రిఫైనరీ నుంచి బారులు తీరి వచ్చే ఆయిల్ ట్యాంకర్ల మధ్య నేర్చుకున్న డ్రైవింగ్ నాది. ఆ గర్వం నాకు ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన్ని చూడాలన్న ఆశ ఎక్కువో, నేను వెళ్లగలనని అందరికీ చూపించాలన్న పట్టుదల ఎక్కువో చెప్పలేను.

బయల్దేరే రోజు మా అత్త గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఇద్దరు పిల్లల్నేసుకుని ఒక్కర్తివే అంత దూరం ఏటెల్తావే? రోడ్డు మీద ఏటైనా అయితే ఎవులున్నారు నీకు?"

"ఏటీ అవదత్తా. నాను సూసుకుంతాను."

ఆమె పక్కకి జరిగింది. పిల్లలిద్దరి తలల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నా తల మీద పెట్టలేదు.

మొదటి రోజంతా ఎందుకో మనసు కీడు శంకిస్తూనే ఉంది. అనకాపల్లి దాటాక ఒక లారీ చక్రాలు పైకి పెట్టి పొలంలో పడి ఉంది. దాని చుట్టూ ఒక్క మనిషి కూడా లేడు. తుని దగ్గర టీ తాగడానికి ఆగితే, కొట్టు ఆవిడ కారులోకి తొంగిచూసి, మగవాళ్లెవరూ లేరా అని అడిగి, లేరంటే తల పంకించింది. ఎండ తారు మీద నీళ్లలా మెరిసేది. దగ్గరికి వెళ్లేకొద్దీ వెనక్కి జరిగేది. పెద్ద లారీలు వెనకనించి వచ్చి హారన్ కొడుతుంటే సన్నీ ఉలిక్కిపడి ఏడ్చేవాడు. ఆ రాత్రి విజయవాడలో మా పిన్ని కూతురింట్లో ఆగాం. వాడికి ఒళ్లు కాలింది, రెండుసార్లు కక్కాడు. నేను దాదాపు నిద్రపోలేదు. చెల్లి ఆగిపొమ్మంది. ఫోన్ చేసి, రాలేకపోతున్నామని ఆయనకి చెప్పమంది. చెప్పి ఉంటే? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు. తెల్లారగానే బయల్దేరదీశాను.

ఒంగోలు దాటాక కారులో ఏసీ ఆగిపోయింది. అద్దాలు దించితే పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడి గాలి. సన్నీ ముందు సీట్లో మూలుగుతున్నాడు. షారోన్ వెనక సీట్లో ఒక్కతీ ఉంది. నాన్న దగ్గరికి ఎప్పుడెళ్తాం, ఎప్పుడెళ్తాం అంటూ నా సీటు వెనక కాళ్లతో తన్నడం మొదలుపెట్టింది. వద్దన్నాను. బతిమాలాను. అరిచాను. ఇంకొక్కసారి తన్నావంటే దింపేస్తానన్నాను.

అది తన్నింది.

కారు పక్కకి తీసి ఆపాను. చుట్టూ రొయ్యల చెరువులు, దూరంగా సరుగుడు తోట, ఇల్లన్నది లేదు. ఆ వెనక తలుపులకు పిల్లలు లోపలినించి తెరవకుండా లాక్ ఉంది. అందుకని నేనే దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, తలుపు తీశాను. దిగమన్నాను. ఏడుస్తుంది, ఇంకెప్పుడూ చెయ్యనంటుంది అనుకున్నాను. అది మూతి బిగించుకుని దిగి నిలబడింది. దానికి నా పంతమే వచ్చింది. ఇంకో నిమిషం ఆగి ఉంటే నేనే ఎత్తుకుని లోపల కూర్చోబెట్టేదాన్నేమో. ఆగలేదు. తలుపు వేసి, కారెక్కి, పోనిచ్చాను.

కాస్త ముందుకెళ్లి ఆపుదామనే అనుకున్నాను. ఇది నిజం. కానీ నిజం ఇంతే కాదు.

అద్దంలో చూశాను. మొదట అది కదలకుండా నిలబడింది. తర్వాత పరిగెత్తడం మొదలుపెట్టింది. చేతులు చాచి, నోరు తెరిచి, కారు వెనక పరిగెత్తుతోంది. అప్పుడు బ్రేక్ మీద కాలు వెయ్యాలి కదా? ఏ తల్లైనా వేస్తుంది కదా? నేను వెయ్యలేదు. నా లోపల ఏదో చల్లబడింది. ఇప్పుడు తెలిసొచ్చిందా అనుకున్నాను. ఒక్క క్షణమే. కానీ ఆ క్షణం నాకు హాయిగా ఉంది. ఈ చేతులతో ఆ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

సరిగ్గా అప్పుడే వెనక ట్యాంకర్ ఒకటి హారన్ కొడుతూ మీదికొచ్చింది. ముందు కాలవ మీద వంతెన, ఆపడానికి పక్కన జాగా లేదు. వంతెన దాటాక రోడ్డు పనులు, రెండువైపులా దిమ్మెలు. వెనక్కి రావాలంటే డివైడర్‌కి ఎక్కడో ఒక చోట సందు దొరకాలి. ఎంతకీ దొరకలేదు. దొరికాక తిరిగి, అవతలి వైపు నుంచి వెనక్కి వస్తుంటే, ఇటు రోడ్డు మీద జనం గుమిగూడి కనిపించారు. ఒక మోటార్ సైకిల్ పడి ఉంది. పాపం ఎవరికో దెబ్బ తగిలింది అనుకున్నాను. అలా అనుకుని ముందుకే వెళ్లాను. నా కళ్లు అది దిగిన చోటు కోసం వెతుకుతున్నాయి. అక్కడ ఎవరూ లేరు. మళ్లీ తిరిగి ఇటువైపు వచ్చి, ఆగి, పేరు పెట్టి పిలిచాను. సరుగుడు తోట వైపు పిలిచాను, చెరువుల వైపు పిలిచాను. అప్పుడు గానీ ఆ జనం గుర్తుకు రాలేదు. దిగినచోటే ఉంటుందని వెతికాను. అది నా వెనకాలే వచ్చింది కదా.

షారోన్‌ని ఎవరిదో తువ్వాలు మీద పడుకోబెట్టారు. కాలు వంకరగా ఉంది. నుదుటి మీద నెత్తురు. చెరువుల మీద పనిచేసే ఆవిడ ఒకామె తన కొంగు దాని మొహానికి నీడగా పట్టుకుని కూర్చుంది. పక్కన మోటార్ సైకిల్ నడిపినతను మోచెయ్యి పట్టుకుని నేల మీద కూలబడి ఉన్నాడు.

"నీ బిడ్డేనామ్మా? ఒంటిగా రోడ్డు మీదకి ఎట్టా వచ్చింది?" అందామె.

"తలుపు తీసుకుని దిగిపోయింది. నేను చూసుకోలేదు."

ఆలోచించి చెప్పలేదు. నా నోరు దానంతటదే చెప్పింది. మోటార్ సైకిల్ అతను తలెత్తాడు. "లేదు, కారు ఎనకాల పరిగెత్తతా ఉండింది. తప్పిద్దామనే బండి పక్కకి కోశా" అన్నాడు. నా కళ్లలోకి చూసి అన్నాడు. బిడ్డని గుద్ది పైగా తల్లి మీద అబద్ధాలా అని ఎవరో అతని చెంప మీద కొట్టారు. తర్వాత ఇంకెవరో కొట్టారు. నేను మాట్లాడలేదు. అతని పేరు కూడా నాకు తెలియదు.

నెల్లూరులో ఆసుపత్రిలో చేర్చాం. కాలు విరిగింది, తలకి దెబ్బ. మర్నాడు పొద్దున దానికి బాగా తెలివొచ్చింది. మా ఆయనకి ఆ పొద్దునే సెలవు దొరికింది, అప్పటికింకా దారిలో ఉన్నారు. సన్నీ ఒక మూల నిద్రపోతున్నాడు, గదిలో మెలకువగా ఉన్నది మేమిద్దరమే.

"అమ్మా, నన్నెందుకు దింపేసావ్?"

"నాను దింపలేదమ్మా. నువ్వే తలుపు తీసుకుని దిగిపోనావ్."

"నువ్వే కదా దిగమన్నావు..."

"దెబ్బ తగిలింది కదా తల్లీ, నీకు గేపకం లేదు. నువ్వే దిగిపోనావ్."

అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. తన కళ్ల ముందు జరిగినదాన్ని నమ్మాలో అమ్మని నమ్మాలో తేల్చుకుంటున్న చూపు అది. తర్వాత, "సారీ అమ్మా" అంది.

ఆ మోటార్ సైకిలూ ఆ కాలూ ప్రమాదం అనుకుందాం. ఇది ప్రమాదం కాదు. దీన్ని నేను నిదానంగా, మంచం పక్కన కూర్చుని, దాని జుట్టు నిమురుతూ చేశాను.

మా ఆయన వచ్చి, తలుపుకి లాక్ వెయ్యలేదా అని అడిగారు. మర్చిపోయానన్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మా అత్త కూడా అనలేదు. ఆకతాయి పిల్లని తల్లి ఎన్నని చూసుకుంటుంది అన్నారు. అందరూ అలా అంటుంటే అబద్ధం తనంతట తానే గట్టిపడింది.

కాలికి కట్టు విప్పాక పాస్టరుగారు మమ్మల్ని సాక్ష్యం చెప్పమన్నారు. వెళ్లాను. మైకు ముందు నిలబడి నేను కల్పించిందంతా చెప్పాను. చివర్లో మైకు షారోన్‌కి ఇచ్చారు. అది సభ వైపు చూడలేదు, నా వైపు చూస్తూ చెప్పింది. "నాను అమ్మ మాట ఇన్లేదు. తలుపు తీసేసి దిగిపోనాను. అయినా దేవుడు నన్ను కాపాడాడు." చర్చి అంతా హల్లెలూయా అంది. నా చెయ్యి దాని భుజం మీద ఉంది. ఆ భుజం వణుకుతుంటే నొక్కి పట్టుకున్నాను.

ఆ తర్వాత అది మారిపోయింది. మంచి పిల్ల అయిపోయిందని అందరూ మెచ్చుకున్నారు. స్కూల్లో ఏది పగిలినా, ఏది పోయినా, నేనే చేసుంటానేమో టీచర్ అనేదట. తను ఆ రోజు సెలవులో ఉన్నా సరే. వాళ్ల టీచరు నవ్వుతూ చెప్పింది నాకు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి కూర్చున్నాను. అప్పుడు చెప్పొచ్చు కదా? దాని పదోయేట చెప్పొచ్చు, పదిహేనోయేట చెప్పొచ్చు, పెళ్లికి ముందు చెప్పొచ్చు. ఆలస్యమైన ప్రతి ఏడాదీ చెప్పకపోవడానికి ఇంకో కారణమైంది. బిడ్డ మనసు కష్టపెట్టడం దేనికి అనుకున్నాను. నిజానికి ఎవరి మనసు గురించి అనుకున్నాను?

ఇప్పుడు షారోన్ పెందుర్తిలో ఉంటోంది. దానికొక కూతురు, ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. ఆ పిల్లని తీసుకుని ఇది ఒంటరిగా గడప దాటదు. సందు చివర కొట్టుకైనా మొగుడో పక్కింటావిడో తోడుండాలి. మొన్న ఒక మధ్యాహ్నం మొగుణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. అతను దింపేసి పనికి వెళ్లాడు. పిల్ల బట్టలన్నీ ఒక సంచీలో సర్ది తెచ్చింది.

"అమ్మా, దీన్ని కొన్నాళ్లు నీ దగ్గరే ఉంచుకో. మా ఆయన డ్యూటీకెల్తే ఇంట్లో నానొక్కర్తినే. నా సంగతి నాకు తెలుసు కదా, ఏ తలుపు తీసేస్తానో, ఏటి మర్సిపోతానో. నీ దగ్గరైతే దీనికి భయం లేదు."

పిల్లని నా ఒళ్లో కూర్చోబెట్టింది. అది నా మెళ్లో గొలుసు పట్టుకుని ఆడుకుంటోంది. ఆ బరువు నా ఒళ్లో ఉంది. నా నోటి నుంచి మాటలు వచ్చేశాయి. తలుపు ఎవరు తీశారో, ఎవరు దిగమన్నారో, ఆసుపత్రిలో నేనేం చేశానో, అన్నీ చెప్పేశాను. షారోన్ గోడకి ఆనుకుని వింది. ఏడవలేదు. తర్వాత ఒక్కటే అడిగింది.

"నాను పరిగెత్తుకొత్తంటే సూసావా?"

"సూసాను."

అది లేచి వచ్చి నా ఒళ్లోంచి పిల్లని తీసుకుంది. సంచీ భుజానికి తగిలించుకుంది. మీ ఆయన వచ్చేదాకా ఆగమన్నాను. ఆగలేదు. పిల్లని చంకనేసుకుని, కొంచెం ఎగుడుదిగుడుగా అడుగులేస్తూ వెళ్లి, రోడ్డు మీద ఆటో ఆపి, తనే ఎక్కింది. ఒక్కతే. వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తడం లేదు. పిల్ల మాత్రం దాని దగ్గరే ఉందని, రోజూ సాయంత్రం ఇద్దరే బయట తిరిగొస్తున్నారని అల్లుడు చెప్పాడు. నిన్న మా ఆయనకీ, సన్నీకీ కూడా చెప్పాను. ఆయన అన్నం దగ్గర్నుంచి లేచి వెళ్లిపోయారు. మా అత్త ఇప్పుడు బతికి లేదు. ఆ మోటార్ సైకిల్ అతను ఎక్కడున్నాడో తెలియదు. అతనికి చెప్పే దారి లేదు. అతను తిన్న దెబ్బలు వెనక్కి తీసుకునే దారి అసలే లేదు.

క్షమించమని ఎవరినీ అడగలేదు. అడిగే ధైర్యం లేక కాదు, అర్హత లేక. మరి తేలికైందా అంటే, చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ, అయింది. ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడటం లేదు. అయినా ఇన్నేళ్లలో మొదటిసారి, నా గురించి ఈ ఇంట్లోవాళ్లకు తెలిసింది నిజం.