చెంగల్ అని నేను సంతకం పెట్టిన కంచె

కిందటి నెల మా అమ్మాయి తన కొత్త ఇంటికి గేటు చేయించాలని నన్ను బంటింగ్‌లోని ఒక కర్రల డిపోకి తీసుకెళ్ళింది. అప్పుడే వాన వెలిసింది. తడిసిన రంపపు పొట్టు వాసన గుప్పుమని ముక్కుకు తగిలేసరికి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. లోపల అమ్మాయి ఒక పలక మీద వేలు పెట్టి, "సూడండి నాన్నా, అంతా పురుగు బొక్కలే. ఇది ఒద్దు లా," అంటోంది, ఇక్కడి వాళ్ళందరిలాగే మాట చివర ఒక 'లా' తగిలించి. ఆ పలక చెంగల్. మలేషియాలో ఎండకూ వానకూ ఓర్చే కర్రల్లో దాన్ని మించింది లేదు. సరిగ్గా ఆ మాటే, అంతే ధీమాగా, ఇరవై రెండేళ్ళ వయసులో నేనూ అన్నాను. దాని ఫలితం మాత్రం మా ఎస్టేటు వడ్రంగి సన్యాసయ్య మేస్త్రి అనుభవించారు. ఆయన గురించి రాయాలని ఎన్నో ఏళ్ళుగా అనుకుంటున్నాను. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఏదో అర్జంటు పని గుర్తొచ్చేది.

సుంగై సిపుట్ దగ్గర ఒక రబ్బరు ఎస్టేటులో నేను చిన్న కిరాణిని. ఆఫీసు గుమస్తాను అక్కడ అలాగే పిలుస్తారు. మా నాన్న కూడా కిరాణీయే కనుక ఆ ఉద్యోగం నాకు దాదాపు ఇంటికొచ్చి దొరికింది. ఇంగ్లీషు రాయగలను, టైపు కొట్టగలను, ఇస్త్రీ చొక్కా వేసుకుంటాను. లోకంలో ఇంకా నేర్చుకోవలసింది ఏముందో నాకు తోచేది కాదు. సన్యాసయ్య మేస్త్రి విజయనగరం పక్కనుంచి కుర్రతనంలో ఓడెక్కి వచ్చినవారు. నల్లగా, పొట్టిగా, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్కతో ఉండేవారు. చదువు రాదు. కర్రను గోటితో నొక్కి, వాసన చూసి, చెక్కముక్కను బకెట్ నీళ్ళలో వేసి, అది ఏ చెట్టుదో చెప్పేవారు. నన్ను "కిరాణి బాబూ" అనేవారు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వేళాకోళం ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు.

అప్పటి ఇంగ్లీషు సర్కారు మా దేశంలో ఎమర్జెన్సీ పెట్టింది. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు బియ్యం అందకూడదని, చెదురుగా ఉన్న కూలీ లైన్లన్నిటినీ, అంటే కూలీల ఇళ్ళ వరసల్ని, ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వెయ్యమని సర్కారు ఆజ్ఞ. సాయంత్రం ఆరింటికి గేటు మూస్తారు, తెల్లారాక తీస్తారు. పనికి వెళ్ళేవాళ్ళను గేటు దగ్గర తడిమి చూస్తారు, అన్నం మూట కూడా బయటికి పోకూడదు. పశువుల్ని తోలినట్టు మనల్ని దడిలోకి తోలుతున్నారని లైన్లలో ఒకటే గొణుగుడు. మేస్త్రి కూడా గొణిగారు, కానీ కర్ర సంగతి వచ్చేసరికి పట్టు వదల్లేదు. దొర, అంటే మా ఇంగ్లీషు మేనేజరు, ఏదో ఒక చవక కర్రతో కానివ్వమంటే ఒప్పుకోలేదు.

"ఇంట్లో దూలానికి ఏ కర్రయినా పర్లేదు బాబూ, పైన కప్పుంటాది. కంచె గుంజకి గొడుగెవుడు పడతాడు?" అన్నారు నాతో, ఆర్డరు కాగితం టైపు చేయిస్తూ. "మట్టీ గాలీ కలిసే కాడ, జానెడు మేర, అక్కడే సెడతాది. సేవదేరిన కర్రే నిలబడతాది. చెంగల్ అని రాయండి."

మెర్బావు గట్టిదే కానీ వానకు ఎర్రటి రంగు కారుతుందని, మెరంతి చూపుకు బాగుండి తడికి చివికిపోతుందని, రబ్బరు చెట్టు పొయ్యిలోకి తప్ప పనికిరాదని చెప్పారు. గుంజ తల ఏటవాలుగా కొయ్యాలట, నీరు నిలవకుండా. నేను అన్నిటికీ తలూపాను. ఒక్క సంగతి మాత్రం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. చెంగల్ చెట్టు బతికుండగానే ఏదో సన్నటి పురుగు దాన్ని తొలుస్తుంది. గుండుసూది పట్టేటంత బొక్కలు పడతాయి. కర్ర ఎండాక ఆ పురుగు ఉండదు, బలమూ తగ్గదు. ఇది ఆయనకు ఎంత మామూలు సంగతంటే, నాకు తెలియదని ఆయనకు తోచనే లేదు.

మేస్త్రి భార్య రమణమ్మకు ఒంట్లో బాగాలేక ఆయన ఆవిడను ఈపో ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజునే లారీ వచ్చింది. చూస్తే గుంజల నిండా బొక్కలు. "ఇదంతా పురుగు పట్టిన సరుకు, తీసుకుపో," అన్నాను. లారీతో వచ్చిన చీనా మనిషి నవ్వి, "బియాసా లా," అన్నాడు మలాయిలో, అది మామూలేనని. నన్ను మోసం చెయ్యబోతున్నాడనుకుని గొంతు పెంచాను. మర్నాడు అతను వేరే లోడు తెచ్చాడు. నున్నగా, ఎర్రగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి గుంజలు. ఇదే అసలు సరుకు అనుకుని, చెంగల్ ముట్టినట్టు కాగితం మీద సంతకం పెట్టాను. గడువు దగ్గర పడిందని దొర తొందరపెడితే, మేస్త్రి తిరిగొచ్చేలోగా కూలీలు మొదళ్ళకు తారు పూసి సగం గుంజలు పాతేశారు.

ఆయన వచ్చీ రాగానే కింద పడ్డ చెక్కముక్క తీసి గోటితో నొక్కారు. నీళ్ళలో వేసి చూడనైనా లేదు.

"ఈ మెరంతి ఎవులు దించుకున్నారు?"

"నేనే."

"దొరకి సెప్పాల బాబూ."

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆయన చేతులు పట్టుకుని బతిమాలాను. ఆయన ఆ ముక్కను మరోసారి గోటితో నొక్కారు. "మూడేళ్ళు ఆగుతాదేమో. నెలకోసారి మొదళ్ళు సూస్తుంటాను, సెడ్డదాన్ని మారుస్తాను. అప్పటికి ఈ గొడవలే ఉండవులెండి," అన్నారు.

అన్నట్టే ప్రతి నెలా ఒక ఇనప చువ్వ పట్టుకుని కంచె చుట్టూ తిరిగేవారు. ప్రతి గుంజ మొదట్లోనూ పొడిచి చూసేవారు. మెత్తబడినదాన్ని చడీచప్పుడు లేకుండా మార్చేవారు. ఆఫీసు కిటికీలోంచి అది కనిపించినప్పుడల్లా నేను తల తిప్పుకుని టైపు కొట్టుకునేవాణ్ణి.

మూడో ఏడు వానల్లో వెనకవైపు కంచె ఇరవై అడుగుల మేర కూలిపోయింది. పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చి కాగితం చూశాడు. చెంగల్ అని ఉంది. చెంగల్ గుంజ మూడేళ్ళకు కూలదు, కాబట్టి అడవిలోకి బియ్యం పంపడానికి ఎవరో మొదళ్ళు పొడిచి గుల్ల చేశారని తేల్చాడు. నెలనెలా చువ్వతో పొడిచే మనిషిని లైన్లలో అందరూ చూశారు. ఇన్‌స్పెక్టరు ఇంగ్లీషులో అడుగుతుంటే మేస్త్రికి తెలుగులో చెప్పింది నేనే.

"గుంజల్ని ఎందుకు పొడిచేవారని అడుగుతున్నాడు."

"సెదలు పట్టినాయేమోనని సూసినాను," అన్నారు ఆయన. నా మొహం వైపు చూడలేదు.

ఆ ఒక్క ముక్కా ఇంగ్లీషులో చెప్పాను. గుంజలు మెరంతివని మాత్రం చెప్పలేదు. ఆయన్ని జీపెక్కించారు. ఆ రోజుల్లో అనుమానం ఉన్న మనిషిని విచారణ లేకుండా ఎన్నాళ్ళైనా ఉంచవచ్చు, ఓడెక్కించి ఇండియాకు పంపెయ్యనూ వచ్చు. అది నాకు బాగా తెలుసు.

మర్నాటినుంచి రమణమ్మ ప్రతి ఉదయం ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చేది. చేతిలో మేస్త్రి పంచె, చొక్కా మడతపెట్టిన మూట.

"ఏటైనా కబురొచ్చినాదా బాబూ?"

"లేదమ్మా."

"తమరు సదువుకున్నోరు. మా ఆయన అలాంటోడు కాడని ఓ ముక్క రాసి పెట్టండి."

"రాస్తానమ్మా," అనేవాణ్ణి. రాయలేదు. రేపు దొర మంచి మూడ్‌లో ఉంటాడేమో చూద్దామనుకునేవాణ్ణి. మర్నాడు, ఆయన్ని వాళ్ళే వదిలేస్తారేమోననుకునేవాణ్ణి. ఇలా ఎనిమిది ఉదయాలు గడిచాయి. ధైర్యం చాలలేదని మర్యాదగా చెప్పుకోవచ్చు కానీ అది ఉత్త పిరికితనం. తొమ్మిదో ఉదయం రమణమ్మ మూట లేకుండా వచ్చింది. ఏమీ అడగలేదు. కిటికీ కింద మెట్టు మీద కూలబడిపోయింది. నేను లేచి దొర గదిలోకి వెళ్ళాను.

దొర అంతా విని నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి, కూలిన గుంజ ముక్కనూ అసలు చెంగల్ ముక్కనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. సాయంత్రానికి మేస్త్రిని వదిలేశారు. నాకు పడ్డ శిక్ష, మూడేళ్ళయినా ఖాయం కాని నా ఉద్యోగాన్ని మరో ఏడాది అలాగే ఉంచడం. అంతే. ఇంత చిన్నదానికోసమా నేను అన్నాళ్ళు నోరు కుట్టేసుకున్నానని నా మీద నాకే అసహ్యం వేసింది.

మేస్త్రి మర్నాడే పనిలోకి వచ్చారు. మనిషి చిక్కిపోయారు. ఆ రోజుల ప్రస్తావన ఎప్పుడూ తేలేదు, నాతో మామూలుగానే మాట్లాడేవారు. ఆ మౌనాన్ని నేను క్షమ అనుకున్నాను. ఆయన్ని నా మనసులో మామూలు మనుషులకంటే ఎత్తున కూర్చోబెట్టాను. నిజం చెప్పాలంటే అది నా సౌకర్యం కోసమే. అంత ఎత్తున ఉన్న మనిషికి నా ఆలస్యం ఒక లెక్క కాదు కదా.

మెర్డెకా, అంటే మా స్వాతంత్ర్యం, వచ్చిన కొన్నాళ్ళకు మా వైపు ఆంక్షలు ఎత్తేసి కంచె పీకెయ్యమన్నారు. జనం పండగలా గుంజలు పెకలించి పొయ్యిలోకి మోసుకుపోతున్నారు. మేస్త్రి ఒక పక్కన ముళ్ళతీగ చుట్ట చుడుతున్నారు. నేను దగ్గరికెళ్ళి, ఇన్నేళ్ళూ అడగలేనిది అడిగాను.

"అప్పుడు నా పేరు ఎందుకు చెప్పలేదు మేస్త్రీ?"

ఆయన తీగ వదలకుండానే జవాబిచ్చారు. "పదో నాడు సెప్పేద్దామనుకున్నాను బాబూ."

నేను ఆయన పక్కన చతికిలబడ్డాను.

"మొదటి నాడే తమరొస్తారనుకున్నాను. రాలేదు. కుర్రోడు, బయపడ్డాడు, రేపొస్తాడు అనుకున్నాను. తలుపు సప్పుడైనప్పుడల్లా తమరేననుకున్నాను. రోజూ అలగే. ఇంటికాడ రమణమ్మ ఒక్కర్తీ ఉన్నాది, ఒంట్లో బాగోదు. నానేటి దేవుణ్ణా? తొమ్మిదో నాటికి నాకూ ఓపిక అయిపోనాది." తీగ మరో చుట్టు తిప్పి, "తమరొచ్చినారు. సాల్లెండి," అన్నారు. గొంతులో కోపం లేదు. కానీ ఆయన నవ్వలేదు. తీగ రెండో కొస నా చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. తర్వాత నేను హెడ్ కిరాణినయ్యాను. నా కింద పనిచేసేవాళ్ళు తప్పు చేసి వచ్చి చెప్పుకుంటే, తిట్టే ముందు "ఎప్పుడు జరిగింది?" అని అడిగేవాణ్ణి. ఇవాళే అంటే వదిలేసేవాణ్ణి. ఈ ముసలాయన చాదస్తం ఏమిటో అని వాళ్ళు నవ్వుకునేవారు. తప్పు ఒప్పుకున్న మనిషినని నాకు నేను చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు. ఒక మనిషి గదిలో కూర్చుని, తలుపు చప్పుడైనప్పుడల్లా నేనే వచ్చాననుకున్నాడు. ఎనిమిది రోజులు నేను రాలేదు.