గొంతు పట్టుకున్నప్పుడు వినబడిన మాట

నా కుడి చేతి మీద ఈ కుట్లు చూడండి. కత్తి మోచేతి నుంచి మణికట్టు దాకా చీరేసింది. దీన్ని ఎవరికైనా చూపిస్తా. కానీ ఆ రాత్రి నేను విన్న మాట మాత్రం ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క ఆఫీసరుకు కూడా చెప్పలే. నేను మందు ముట్టను. మా అమ్మ తోడు... ఈ చెవులతో విన్నా.

మాది అరవ దేశంలో మేలూరు పక్కన తెలుగోళ్ల వీధి. ఇంట్లో తెలుగు, పళ్లికూడంలో, అదే బళ్లో, అరవం. మా తెలుగు మాకు రాయను రాదు. మాట్లాడతాం అంతే, అదీ సగం అరవం కలిపి. పట్టాళంలో గుంటూరు పిల్లోళ్లు నా మాట విని పడిపడి నవ్వేవాళ్లు, ఇది తెలుగేనా అన్నా అని. మా పక్క దాటితే ఆ మాట ఎక్కడా వినబడదు.

అది కొండ మీద పోస్టు. కిందనే సరిహద్దు. నాతో డ్యూటీలో కిషన్ ఉండాడు, రాజస్థానోడు. మూడేళ్లు ఒకే కంచంలో తిన్నాం. ఆ రాత్రి వాన. రేకు మీద టపటపటప... ఇంకేమీ వినబడదు. కిషన్ అవతలి మూల చూసొస్తానని పోయినాడు.

అప్పుడు... రాయి జారిన చప్పుడు. ఒక్కటే.

తిరిగేలోపు ఎవడో నా మీద పడినాడు. రైఫిల్ ఎగిరిపోయింది. ఇద్దరం బురదలో దొర్లినాం. చేతికి ఏదో చల్లగా తగిలింది... తర్వాత వేడిగా. కత్తి అని అప్పుడు తెలిసింది. తలతో వాడి ముక్కు మీద కొట్టినా. ఎముక పటుక్కుమంది. మీదెక్కి కూచున్నా. రెండు చేతులూ గొంతు మీద. నొక్కినా. వాడి కాళ్లు తన్నుకుంటా ఉండాయి... నొక్కినా... గొంతుముడి నా బొటనవేళ్ల కింద పైకీ కిందికీ కొట్టుకుంటా ఉండాది...

అప్పుడు... నా చెవి పక్కనే...

"మూచ్చు ఆడలే... విడురా సున్నం."

అరిచినట్టు కాదు. మెల్లగా.

మూచ్చు అంటే అరవంలో ఊపిరి. తక్కినది మా తెలుగు. సున్నం... అది నా పేరు. మా నాయన గోడలకు సున్నం కొట్టేవాడు, అందుకని బళ్లో పిల్లోళ్లు పెట్టినారు. పట్టాళంలో ఒక్కడికి కూడా తెలియదు.

పదో క్లాసులో పెరుమాళ్ అనేవాడు నాయన పనిని ఎగతాళి చేసినాడని, నీళ్ల తొట్టి వెనక వాడి గొంతు పట్టుకున్నా. కళ్లు తేలేసినాడు. అప్పుడు విన్నది కూడా ఇదే మాట. ఇదే గొంతు. వాడే అన్నాడనుకున్నా. అది విన్నాకనే వాణ్ణి విడిచిపెట్టినా.

కొండ మీద కూడా... నా చేతులు సడలినాయి. ఎంతసేపు? ఒక్క గుక్క తాగినంతసేపు. వాడు నన్ను తోసేసి లేచినాడు. అలికిడికి కిషన్ టార్చి వేసుకొని పరిగెత్తి వస్తా ఉండాడు. కత్తి నేరుగా కిషన్ కడుపులోకి దిగింది. నేను బురదలో తడుముకొని రైఫిల్ అందుకున్నా. మూడు గుండ్లు. వాడు కిషన్ మీదనే పడినాడు.

తెల్లారినాక వాడి మొహం చూసినా. ఎప్పుడూ చూడని మొహం. మీసం కూడా సరిగ్గా రాలే. మెడ మీద నా వేళ్లు నల్లగా అచ్చు పడి ఉండాయి. కిషన్ తెల్లారేదాకా ఉండలే. నీ పట్టులోంచి వాడెట్లా తప్పించుకున్నాడని సాబ్ అడిగితే, వానకు చెయ్యి జారింది అని చెప్పినా.

రిటైరై వచ్చినాక పెరుమాళ్‌ను వెతుక్కుంటా పోయినా. ఇప్పుడు రాళ్ల క్వారీలో మేస్త్రీ. టీ కొట్టులో కూచోబెట్టి ఒక్క మాట దాచకుండా చెప్పినా. నవ్వుతాడనుకున్నా. నవ్వలే. గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

"ఆ పొద్దు తొట్టి వెనక నేను ఏమీ అనలేదప్పా," అన్నాడు. "నువ్వు అంత గట్టిగా పట్టుకుంటే గొంతులోంచి మాట ఎట్లా వస్తాది?"

మరి ఎవరు... ఇప్పటికీ తెలియదు.

కిషన్ భార్య అప్పుడప్పుడు ఫోన్ చేస్తాది. ఎట్లా జరిగింది భాయ్‌సాబ్ అని అడుగుతాది. పోయిన వారం కూడా అడిగింది. నా చేతులు ఎందుకు సడలినాయో చెప్పేద్దామని నోరు తెరిచినా... అవతల వాళ్ల కూతురు, ఎవరమ్మా ఫోన్లో అంటా ఉండాది.

"మీ నాన్న కోసం చివరిదాకా కొట్లాడిన ఆయన," అని ఆమె చెప్పింది.

నేను ఫోన్ పెట్టేసినా.