చేతుల్లో మిగిలిన అదురు

కళ్ళజోళ్ళ షాపులకు అద్దాలు అందించే ఆయన్ని అందరూ అద్దాలాయన అంటారు. షాపుల్లో ఎవరూ ఆయన మొహం చూడరు, చేతిలోని పెట్టెను చూసి "అక్కడ పెట్టెయ్యండి" అంటారు. అంతకు మించి మాటుండదు. ఆ మధ్య ఆయన తిరిగే మోటారు బండి ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు బుష్షులు అరిగిపోతే కొత్తవి వేయించాడు. అప్పట్నుంచి బండి చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. అద్దాలు పగలకుండా పెట్టెలో పాత తువ్వాలు కుక్కుకున్నాడే తప్ప మెకానిక్‌ని పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రం గదికి చేరి, తాళం తీసి, మంచం మీద కూర్చుని అరచేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంటాడు. వాటిలో బండి అదురు ఇంకా జుమ్ముమంటూ ఉంటుంది, ఎవరో ఇప్పుడే చెయ్యి వదిలి వెళ్ళినట్టు. అది పూర్తిగా తగ్గాకే లేచి స్టవ్ వెలిగిస్తాడు.

ఒకరోజు గాలి కొట్టించుకోడానికి షెడ్డు ముందు ఆగితే, వణుకుతున్న సైడు అద్దం మెకానిక్ కంటపడింది. "ఇంత అదురుతుంటే చెప్పవేం అన్నా? తప్పు నాదే. ఇంజన్ కుదురుకోకముందే బోల్టులు బిగించేశా" అని నొచ్చుకుని, వాటిని వదులు చేసి, ఇంజన్‌ను కాసేపు ఆడనిచ్చి మళ్ళీ బిగించాడు. బండి నీళ్ళ మీద పడవలా సాగింది. ఆ సాయంత్రం ఆయన మంచం మీద కూర్చుని అరచేతులు చూసుకున్నాడు. వాటిలో ఏమీ లేదు. స్టవ్ దగ్గరికి ఎప్పుడు లేవాలో తెలియలేదు. మర్నాడు షెడ్డు తెరవకముందే వచ్చి నిలబడ్డాడు. "మళ్ళీ అదురుతోందా అన్నా?" అన్నాడు మెకానిక్. "లేదు" అన్నాడాయన, బోల్టుల వైపు చూస్తూ. "నీ మొదటి బిగింపే బాగుంది. అలాగే పెట్టెయ్యి."