పేర్లు అక్కర్లేని ఫారం

నా భార్య చివరి రోజున, రిపోర్టులు బాగున్నాయని ఆమెకు అబద్ధం చెప్పాను. నమ్మినట్టు తలూపింది. సాయంత్రానికి పోయింది.

ఈ రోజు మా సాఫ్ట్‌వేర్ టీమ్ లీడర్ "పేర్లు అక్కర్లేదు, నిజం రాయండి" అని అందరికీ ఒక ఫారం పంపాడు. రాప్తాడు రైతుల కోసం చేస్తున్న యాప్, బోరు మోటారు ఆగిపోయినా నడుస్తున్నట్టే చూపిస్తోందని రాశాను. పది నిమిషాల్లో అందరినీ పిలిచాడు.

"ఎవురప్పా ఇది రాసినోడు? చెప్పండి, ఏమీ అనను."

"నేనే అన్నా."

"నువ్వా! నా మీద నమ్మకం లేదా? నాతోనే చెప్పొచ్చు కదప్పా?"

"మూడుసార్లు చెప్పినా అన్నా. పాజిటివ్‌గా ఉండమంటివి."

మీటింగ్ అంశం: టీమ్‌లో పరస్పర విశ్వాసం. మీ ఆఫీసుల్లోనూ ఇలాంటి ఫారాలున్నాయా?

యాప్‌ను సరిచేయకుండానే సోమవారం రైతులకు ఇస్తారట. రేపు పొద్దున రాప్తాడు వెళ్లి, దాన్ని నమ్మొద్దని వాళ్లకు నేనే చెబుతాను.